అమెరికా యుద్ధం, దుమ్ముగూడెం ఆనకట్ట

భద్రాచలం వెళ్ళినవాళ్ళు ఎక్కువగా పర్ణశాల కూడా చూసి వస్తారు. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటూ వాగు పక్కన రాళ్ళమీద చారలు చూపిస్తారు, ఫొటోలు తీసుకుంటారు, వెనక్కి తిరుగుతారు. అదే మండలంలోని దుమ్ముగూడెంలో బండి ఆపేవాళ్ళు తక్కువ. ఆపితే కనిపించేది గోదావరికి అడ్డంగా పాత రాతి ఆనకట్ట, దాని ఎగువన చెరువులా నిలిచిన నీళ్ళు. అడిగితే ‘తెల్లదొరలు కట్టించారు’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే. అమెరికాలో పెరుగుతున్న మీకు బళ్ళో పాఠంగా వచ్చే అంతర్యుద్ధాన్ని పక్కన పెడితే ఈ కట్ట కథ అర్థం కాదని నా వాదన.

1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీళ్ళివ్వడానికి. దుమ్ముగూడెంది పడవల కోసం. ఇక్కడ నది అడుగున పరుచుకున్న బండలు వరద తగ్గగానే పడవలను ఆపేసేవి. ఎగువన ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గరా అదే ఇబ్బంది. ధవళేశ్వరం కట్టించిన ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం ఇంజినీరు హేగ్ ఇక్కడ అడ్డుకట్ట వేసి, బండలను తప్పించుకుని పోయేలా పక్కన కాలువ తవ్వించి, లాకులు కట్టించాడు. ఆ దారిన దిగాల్సిన సరుకు నాగపూర్ పక్కనున్న బేరారు ప్రాంతపు పత్తి. ఇంగ్లండు మిల్లులకు చేరే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా దక్షిణాది నుంచే వచ్చేది. పండించేది నల్లజాతి బానిసలు. ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ప్రమాదమని 1857లోనే మాంచెస్టర్ వ్యాపారులు పత్తి సరఫరా సంఘం పెట్టుకున్నారు. 1860 చివర్లో నిజాంతో కుదిరిన ఒప్పందంలో గోదావరి ఎడమగట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ళకు దక్కాయి, నదిమీద సుంకాలు లేకుండా పోయాయి. 1861 ఏప్రిల్‌లో అమెరికాలో యుద్ధం మొదలైంది. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధిస్తే లాంకషైర్‌లో మగ్గాలు ఆగాయి. కాగితాల మీది పథకానికి అప్పుడు తొందర పుట్టింది. నాగపూర్ నుంచి రిచర్డ్ టెంపుల్ వంటి అధికారులు దాన్ని గట్టిగా సమర్థించారు.

తేదీలు పట్టి చూసేవాళ్ళు ఇక్కడ అడ్డు తగులుతారు: ఆలోచనా, ఒప్పందమూ యుద్ధానికి ముందువే కదా? నిజమే. అయితే వాటి వెనకున్న భయం మాత్రం అమెరికా పత్తి గురించిందే. యుద్ధం దాన్ని కళ్ళముందు పెట్టింది. పనులను ఆపింది రైలే కానీ శాంతి కాదన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. 1867లో రైలు నాగపూర్ చేరింది, బేరారు పత్తి బొంబాయి దారి పట్టింది. కానీ పనులు ఎందుకు ఆగాయో చెప్పే కారణం, ఎందుకు మొదలయ్యాయో చెప్పదు. 1865లో యుద్ధం ముగిశాక పత్తి ధర పడిపోయింది; ఇంత ఖర్చు దేనికన్న ప్రశ్నకు జవాబిచ్చేవాళ్ళు కరువయ్యారు. పైగా మన్యం జ్వరం కూలీలను వదల్లేదు. 1871లో ప్రభుత్వం పథకాన్ని మానుకుంది. ఇంజినీర్ల నివేదికలున్నాయి, అదే ఊళ్ళో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ అక్కడి గిరిజనులైన కోయల గురించి రాసిన వ్యాసాలున్నాయి. రాళ్ళు మోసినవాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్నది మాత్రం చేతికందదు. ఈ చరిత్రలో పెద్ద లోటు ఇదే అనుకుంటాను.

పడవలు రాకపోయినా నది కోసం తీసుకున్న నేల తిరిగి పోలేదు. అప్పటిదాకా నాగపూర్‌లోని ఇంగ్లీషు అధికారుల కింద ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను 1874లో మద్రాసుకు మార్చారు. కొత్త ఏలుబడిలో రేకపల్లిలో అడవి నరికి చేసే పోడు సాగు మీద పన్ను మూడింతలైంది, అడవి మీద ఆంక్షలు పెరిగాయి. 1879లో రంప దగ్గర లేచిన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి అదొక కారణం. దీన్నంతా అమెరికా యుద్ధానికి కట్టబెట్టడం అతి అవుతుంది. రంపలో కల్లు పన్ను, అక్కడి పాలకుడైన మన్సబుదారు దౌర్జన్యం ఉన్నాయి. రేకపల్లి వరకు మాత్రం, పత్తి కోసం పుచ్చుకున్న తాలూకాలో పత్తి పోయాక పన్ను మిగిలిందని అనొచ్చు.

ఆ 1874 మార్పుకు ముందు ఇటు భద్రాచలం, అటు సామంత రాజ్యమైన బస్తరు రెండూ నాగపూర్ అజమాయిషీలోనే ఉండేవి. తర్వాత వాటి మధ్య గీత రెండు ఏలుబడుల సరిహద్దయింది. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌కూ రెండు తెలుగు రాష్ట్రాలకూ మధ్య ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా గిరిజనులను కూడగట్టిన సల్వాజుడుం మొదలయ్యాక, మావోయిస్టులకూ ప్రభుత్వ బలగాలకూ మధ్య నలిగి, వేలమంది కోయలు ఆ గీత దాటి దుమ్ముగూడెం, చర్ల, చింతూరు అడవుల్లోకి వచ్చారు. ఇక్కడ వాళ్ళను గుత్తికోయలంటారు. గిరిజనులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దింపడం చెల్లదని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా వచ్చినవాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళలేదు. గీతకు ఇటువైపు కోయలున్నారు, మాటా కలుస్తుంది, బంధుత్వమూ కలుస్తుంది. ఎస్టీ ధ్రువపత్రం దగ్గరా, పోడు పట్టా దగ్గరా మాత్రం వాళ్ళు పొరుగు రాష్ట్రం మనుషులు.