పుంటికూర మడికి కంచె: ఎడిసన్ పెరట్లో మేము నేర్చుకున్న పాఠం

కరెంటు బల్బు పేరు చెప్పగానే గుర్తొచ్చే థామస్ ఆల్వా ఎడిసన్ గురించి మనమందరం బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆయన 1876లో మెన్లో పార్క్ అనే చోట ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఆ చోటున్న ఊరికి 1954లో ఆయన పేరే పెట్టారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న ఆ ఎడిసన్‌లోనే మేము అద్దె ఇంట్లో ఉంటున్నాం. 2010 జనాభా లెక్కల్లో ఊరి జనం సుమారు లక్ష. అందులో నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ మంది మన భారతీయులే. ఓక్ ట్రీ రోడ్డు మీదికి వెళ్తే చీరల దుకాణాలు, మిఠాయి అంగళ్లు, పచ్చళ్ల సీసాలు, అన్నీ కనిపిస్తాయి.

అలాంటి ఊళ్లో మా పుంటికూర మడిని అడవి జంతువులు తినిపోయాయని చెబితే, గల్ఫ్‌లో క్యాంపులో ఉండే మా తమ్ముడు ఫోన్లో పకపకా నవ్వాడు. "అన్నా, ఆడ గూడ అదే గోసనా? మన ఊళ్లె పందులు, మీకాడ జింకలా?" అన్నాడు. నవ్వులాట మాటే. కాని ఆ నవ్వు వెనక మా ఇంటి కష్టం ఒకటుంది. దాన్ని చివర చెబుతాం. ముందు మా పెరటి కథ వినండి.

అమ్మ వేసిన మడి

ఆ ఏడు ఏప్రిల్‌లో మా అమ్మ ఆరు నెలలు ఉండి పోదామని విజిటర్ వీసా మీద వచ్చింది. నాయిన మాత్రం పొలం విడిచి రానన్నాడు. మేమిద్దరం డ్యూటీకి పోతే అమ్మకు పొద్దు పోదు. పక్కింటివాళ్లతో మాట్లాడదామంటే భాష రాదు. అందుకని ఇంటి ఓనరును అడిగి, పెరట్లో ఒక మూల పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పున మడి చేసి ఇచ్చాం.

ఊరి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనాలు అమెరికాలో చెల్లవు. అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు, మొక్కలు తెస్తే విమానాశ్రయంలోనే తీసుకుంటారు. కాబట్టి విత్తనాలు ఇక్కడే కొన్నాం. ఇక్కడ ఏప్రిల్ చివరి దాకా, ఒక్కోసారి మే మొదటి వారం దాకా రాత్రిళ్లు మంచు పడి మొలకలు మాడిపోతాయి. అది దాటాక అమ్మ పుంటికూర, మెంతి, కొత్తిమీర, తోటకూర చల్లింది. కుండీల్లో పుదీనా, తులసి, ఒక కరివేపాకు మొక్క పెట్టింది. జూన్ కల్లా మడి పచ్చగా నిండింది. ఆదివారం పుంటికూర పప్పు అనుకున్నాం. శనివారం పొద్దున లేచి చూస్తే మోడులే మిగిలాయి. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "కూర కోసం కాదు బిడ్డా, రెండు నెలలు దాన్నే సూస్కుంట ఉన్న" అంది.

దొంగ ఎవరు?

కోపంతో ఆ రోజే ఒక కంచె తెచ్చి పాతాం. మూడడుగుల ప్లాస్టిక్ వల అది. నాలుగు రోజులకు మళ్లీ తిన్నాయి. అప్పుడు తెలిసింది, ఎవరు తింటున్నారో తెలియకుండా కంచె కడితే డబ్బు దండగేనని.

కొరికిన ఆకును చూస్తే దొంగ ఎవరో కొంతవరకు తెలుస్తుంది. జింకకు ముందు వైపు పై పళ్లు ఉండవు. అందుకే అది ఆకును పీకి తింటుంది. కాడ చివర నార నారగా చిరిగి ఉంటుంది. కుందేలుకు పైనా కిందా వాడి పళ్లు ఉంటాయి. అది కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది, అదీ నేలకు దగ్గరగా. ఇక మూడోది గ్రౌండ్‌హాగ్. మన పందికొక్కును పెద్దది చేసి బొచ్చు తొడిగినట్టు ఉంటుంది కాని, జాతికి ఉడుతల చుట్టం. మూడు నుంచి ఆరు కిలోల బరువు పెరుగుతుంది. బొరియలు తవ్వుతుంది, చెట్టూ ఎక్కుతుంది. పొద్దున, సాయంత్రం వచ్చి మడి మడంతా ఊడ్చేస్తుంది. ఏటా ఫిబ్రవరి 2న పొరుగున ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇదే జంతువును బయటికి తీసి, చలి ఇంకా ఎన్నాళ్లో జోస్యం చెప్పిస్తారు. 1887 నుంచి ఆ పండుగ నడుస్తోంది. మా మడిని తిన్నది మాత్రం జోస్యం చెప్పలేదు. పక్కన షెడ్డు కింద బొరియ చేసుకుని కాపురం పెట్టింది.

ఊళ్లోకి జింకలు ఎందుకొచ్చాయి?

న్యూజెర్సీలో 1900 ప్రాంతానికి జింకలు దాదాపు లేకుండా పోయాయి. అడవులు నరికారు, ఇష్టం వచ్చినట్టు వేటాడారు. తర్వాత వేటకు కట్టుబాట్లు పెట్టి, బయటి నుంచి జింకలను తెచ్చి వదిలారు. ఈలోగా వాటిని తినే తోడేళ్లను జనం ఎప్పుడో చంపేశారు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట తుపాకీ పేల్చనివ్వరు. చిన్న చిన్న చెట్ల తోపులు, వాటి పక్కనే పచ్చిక, పూలమొక్కలు ఉన్న కాలనీలు జింకలకు మంచి మేతబీళ్లయ్యాయి. తప్పు వాటిది అనలేం. మనం పెట్టిన విస్తరి ముందు అవి కూర్చున్నాయి, అంతే.

ఒక్కో జంతువుకు ఒక్కో కంచె

ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు తోటలవాళ్లకు సలహాలు ఇస్తారు. ఏ మొక్కను జింక ఎంతగా తింటుందో నాలుగు తరగతులుగా పట్టీ కూడా వేశారు. వాళ్ల సలహాలు చదివి, ఇరుగుపొరుగును అడిగి, మేము చేసిన పనులు ఇవి.

జింకకు ఎత్తు కావాలి. తెల్లతోక జింక ఏడెనిమిది అడుగులు దూకగలదు. పెద్ద తోటకు ఎనిమిది అడుగుల కంచె వేయాలంటారు. కాని దిగేందుకు చోటు లేని ఇరుకులోకి దూకడానికి అది జంకుతుంది. మాది చిన్న మడి కాబట్టి ఐదడుగులతోనే సరిపోయింది.

గ్రౌండ్‌హాగ్‌కు లోతు కావాలి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీ తెచ్చి, అడుగు లోతున పాతి, అడుగుభాగాన్ని బయటి వైపు వంచి మట్టి కప్పాం. అది తవ్వుకుంటూ వస్తే ముక్కుకు జాలీయే తగులుతుంది. పైన ఒక అడుగు జాలీని కర్రలకు కట్టకుండా వదులుగా వదిలేశాం. ఎక్కబోతే అది ఊగి వెనక్కు వంగుతుంది, జంతువు బెదిరి దిగిపోతుంది.

కుందేలుకు సన్న కన్ను కావాలి. రెండడుగుల ఎత్తు చాలు, కాని జాలీ కన్ను ఒక అంగుళం మించకూడదు. పిల్ల కుందేళ్లు అంతకన్నా పెద్ద సందు ఉంటే దూరిపోతాయి.

ఉడుతకు మూత కావాలి. అది ఆకు కన్నా కుండీలో మట్టిని ఎక్కువగా తవ్వుతుంది. మట్టి మీద గులకరాళ్లు పరిస్తే చాలావరకు మానుకుంటుంది. కారం పొడి కూడా చల్లాం. కారం ఘాటు ఉడుతలకు తగులుతుంది గాని పక్షులకు తగలదు. వాన పడితే మళ్లీ చల్లాలి.

ఘాటు మొక్కలు కొంత కాపలా. పుదీనా, వెల్లుల్లి, ఉల్లి లాంటి వాసన మొక్కలను జింక సాధారణంగా ముట్టదు. అందుకని వాటిని బయట వరుసలో పెట్టాం. కాని ఆకలి ముదిరితే జింక దేన్నయినా తింటుందని గుర్తుంచుకోవాలి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే మందులు అమ్ముతారు. తినే ఆకుల మీద వాటిని కొట్టకూడదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. విషం పెట్టకూడదు. పక్కింటి పిల్లి, కుక్క, ఆడుకునే పిల్లలు కూడా దాని పాలబడతారు. అనుమతి లేకుండా బోనులో పట్టి వేరే చోట వదలకూడదు. కొత్త కంచెకు ఇంటి ఓనరును, టౌన్‌షిప్ ఆఫీసును అడగాలి. నేల తవ్వే ముందు 811 నంబరుకు ఫోన్ చేస్తే, కింద గ్యాసు గొట్టం, కరెంటు తీగ ఎక్కడుందో ఉచితంగా గుర్తు పెట్టి పోతారు. జంతువు కరిస్తే సబ్బుతో బాగా కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి, రేబిస్ భయం ఉంటుంది. పెంట పడిన ఆకును పారేయాలి.

జూలైలో అమ్మ మళ్లీ విత్తనం చల్లింది. ఆగస్టు చివర పుంటికూర తిన్నాం. జంతువులు పోలేదు. సాయంత్రం జింకలు వచ్చి కంచె బయట నిలబడి చూసి, పచ్చిక మేసి పోయేవి.

క్యాంపులో ఉన్న మిత్రులకు

మా తమ్ముడు కూడా రూము బయట బకెట్లో పుదీనా పెట్టాడు. అంగట్లో కొన్న కట్టలోంచి నాలుగు కాడలు తీసి నీళ్లలో ఉంచితే వారం, పది రోజుల్లో వేళ్లు వస్తాయి. తినే సామాను వచ్చిన బకెట్టే వాడండి. పెయింటు, కెమికల్ డబ్బాలు వద్దు. అడుగున చిల్లులు పెట్టండి. గల్ఫ్‌లో కొత్తిమీరకు అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. అక్కడ జింకలు రావు గాని పిల్లులు మట్టిని కెలుకుతాయి, పావురాలు మొలకలు పీకుతాయి. ఉల్లిగడ్డల వల సంచిని కోసి బకెట్టుకు తొడిగి తాడుతో కడితే రెండింటికీ చెక్ పడుతుంది. పెట్టే ముందు క్యాంపు బాసును ఒక మాట అడగండి, నడిచే దారికి అడ్డం పెట్టకండి.

ఇంటికి ఫోన్ చేసి చెప్పండి

ఇప్పుడు అసలు మాట. అదే ఆగస్టులో జగిత్యాల దగ్గర మా ఊళ్లో మక్క చేను కంకి మీద ఉంది. రాత్రిళ్లు అడవిపందులు పడి తొక్కేస్తున్నాయి. ఎవరో నాయినకు సలహా ఇచ్చారు, మోటారు దగ్గర నుంచి తీగ లాగి చేను చుట్టూ కరెంటు పెట్టమని. ఆ సంగతి తమ్ముడి ద్వారా మాకు తెలిసింది. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు.

మన జిల్లాల్లో పందుల కోసం పెట్టిన తీగ తగిలి మనుషులు చనిపోయిన వార్తలు ఎన్నిసార్లు చదివామో లెక్క లేదు. నీళ్లు పెట్టడానికి పోయిన రైతు, దారి తప్పిన గొర్రెల కాపరి, ఒక్కోసారి తీగ పెట్టినవాడే. ఇంటి లైనులో 230 వోల్టులు ఆగకుండా పారతాయి. పట్టుకున్న చెయ్యి వదలదు. సోలార్ కంచె అలా కాదు. దాని యంత్రం క్షణంలో చిన్న భాగం మాత్రమే కరెంటు వదిలి ఆపుతుంది. జంతువు బెదురుతుంది గాని చావదు. రెండూ ఒకటే అనుకోవద్దు. తీగ పెట్టి మనిషి చస్తే జైలుకు పోయేది కూడా ఆ ఇంటి పెద్దే.

మేము ఇక్కడి నుంచి, తమ్ముడు క్యాంపు నుంచి, రోజు మార్చి రోజు నాయినకు ఫోన్ చేశాం. చివరికి అమ్మే మాట్లాడింది. "మక్కలు పోతే పోనీ, నేనొచ్చేసరికి నువ్వుండాలె" అంది. నాయిన తీగ పెట్టలేదు. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లాడు. పంది నేలను వాసన చూస్తూ నడుస్తుంది కాబట్టి అవి ముక్కులో దూరి ఇబ్బంది పెడతాయి. పాత చీరలు చుట్టూ కట్టాడు. మరుసటి ఏడు మక్కతోపాటే చేను చుట్టూ నాలుగు వరుసల ఆముదం వేశాడు. ఆ వాసన పందికి గిట్టదు, మక్క వాసనను కప్పేస్తుంది. పందులు అసలు రాలేదని చెప్పం. రెండు మూలల్లో తిన్నాయి. కాని మునుపటంత నష్టం లేదు, ఆముదం గింజలు కూడా చేతికొచ్చాయి.

అక్టోబరులో అమ్మ ఊరికి పోయింది. పోయే ముందు రోజు కరివేపాకు కుండీని ఇంట్లో కిటికీ దగ్గర పెట్టించింది, చలికి చచ్చిపోతుందని. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు ఆ మొక్క సంగతే అడుగుతుంది. తర్వాత మా సంగతి.

మిత్రులారా, వచ్చే సెలవు రోజున ఇంటికి ఫోన్ చేసినప్పుడు చేనుకు కంచె ఏం పెట్టారని ఒక్క మాట అడగండి.