మీకు తెలుసా? అరకు గాలికీ నెలల లెక్క ఉంది

ఘాట్ రోడ్డెక్కి అరకులో దిగగానే అందరూ చేసే పని ఒకటే. గుండె నిండా గాలి పీల్చి ‘ఆహా’ అంటారు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు, చుట్టూ కాఫీ తోటలు. గాలి బాగోక ఏం చేస్తుంది అనుకుంటాం. కానీ ఆ బాగు నెలను బట్టి, వేళను బట్టి మారుతుంది.

● పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి కనిపించే మేఘాల సముద్రం పైభాగం చదునుగా ఎందుకుంటుందో తెలుసా? చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి త్వరగా పోతుంది. కొండవాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారుతుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చల్లబడాలి. ఇక్కడ తలకిందులు: అడుగున చల్లగాలి, దాని మీద వెచ్చగాలి. దీన్నే ఉష్ణోగ్రత విలోమం అంటారు. ఆ వెచ్చటి పొర లోయకు మూతలా కూర్చుంటుంది, మేఘం దాన్ని దాటి లేవలేదు. పర్యాటకులు ఫొటో తీసుకునేది మూత కింద చిక్కిన మేఘాన్నే.

● చిక్కేది మేఘమొక్కటే కాదు. పొయ్యిల పొగ, చలిమంటల పొగ, రిసార్టుల వాళ్లు ‘క్యాంప్‌ఫైర్’ పేరుతో డబ్బు తీసుకుని వేసే నెగళ్ల పొగ అన్నీ అక్కడే. కావాలంటే పొద్దున్నే ఏదైనా ఇంటి కప్పు మీంచి లేచే పొగను గమనించండి. కొంత ఎత్తు నిటారుగా లేచి, ఆగి, పక్కకు పరుచుకుంటుంది. ఎండ ముదిరి నేల వేడెక్కాక అదే పొగ పైకి పోయి చెదిరిపోతుంది. వ్యాయామానికి తెల్లవారుజామే మంచిదన్న నమ్మకం చలికాలం లోయలో పనికిరాదు.

● పొగమంచు బిందువు సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు, ఉన్నది నీళ్లే. కట్టెల పొగ రేణువుల్లో చాలా వాటికి ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. అందుకే ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి.

● గాలిలో ఇలాంటి సన్నటి రేణువుల కొలతే పీఎం 2.5. దాని రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. దగ్గర్లో కొలిచే యంత్రం లేని చోట ఫోన్ యాప్ చూపేది చాలాసార్లు ఉపగ్రహ సమాచారంతో, కంప్యూటర్ లెక్కలతో వేసిన అంచనా. పెద్ద పెద్ద గడులుగా వేసే ఆ లెక్కకు మీ లోయ, దాని మూత ఆనవు.

● కాఫీ గింజ వాసనల్ని ఇట్టే పట్టేస్తుంది. నవంబరు నుంచి పండ్లు కోసి, తొక్క తీసి, కడిగి, కళ్లాల్లో ఆరబెడతారు. తేమ 10, 11 శాతానికి దిగాలి. మంచు కురిసే రాత్రుళ్లు కుప్ప చేసి పట్టా కప్పుతారు. పక్కనే నెగడు రాజుకుందా, ఆ కంపు కాఫీ కప్పు దాకా వస్తుంది. పొగవాసన కాఫీ రుచి చూసేవాళ్ల దృష్టిలో పెద్ద లోపం.

● అసలు పొగ కాలం వేసవి. చెట్టూచేమా కొట్టి, ఎండబెట్టి, వానలకు ముందు పోడు కాలుస్తారు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టేవాళ్లూ ఉన్నారు. మన్యంలో గిరిజన రైతులకు ప్రభుత్వం కాఫీని అలవాటు చేయడానికి ఒక కారణం పోడుకు ప్రత్యామ్నాయం చూపడమే. నీడ కావాలి కాబట్టి కాఫీ ఉన్నచోట చెట్టు నిలబడుతుంది.

● నల్లమందు సాగు మాన్పించడానికి కొండల్లో కాఫీ నాటించిన ఉత్తర థాయ్‌లాండ్‌దీ ఇదే పొగ గొడవ. అక్కడ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చియాంగ్ మాయ్ నగరం కొండల మధ్య పొగలో మునుగుతుంది.

● మార్చి, ఏప్రిల్‌లో పడే ఒక మంచి వాన రెండు పనులు చేస్తుంది. గాలిలో మసిని దించుతుంది, కాఫీ మొగ్గను లేపుతుంది. వారం పది రోజులకు తోట తెల్లగా పూసి మల్లెలాంటి వాసన కొడుతుంది. రెండు మూడు రోజులే ఆ భోగం.

● బయటి గాలి బాగా శుభ్రంగా ఉండేది జులై, ఆగస్టుల్లో, టూరిస్టులు వానని తిట్టుకునే రోజుల్లో. కానీ కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో ఆ నెలలే గడ్డు. తడికట్టె మండదు, రాజుతూ పొగ చిమ్ముతుంది. తలుపు తీస్తే జల్లు, మూస్తే పొగ. అందుకే కట్టెల్ని పొయ్యి పైన అటక మీద పేర్చి ఆరబెడతారు. అక్కడే విత్తనపు మొక్కజొన్న కంకులూ వేలాడుతుంటాయి. కంకికి పురుగు పట్టకుండా కాపాడే ఆ పొగే వండే మనిషిని దగ్గిస్తుంది.