మీకు తెలుసా? లేని లోకాలకూ క్యాలెండర్లున్నాయి!

టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో హాబిట్లనే పొట్టివాళ్లు ఉంటారు. వాళ్లింట్లో గోడకు ఒక్కసారి క్యాలెండర్ తగిలిస్తే చాలు, ఇక జన్మలో మార్చక్కర్లేదు! నెలకు సరిగ్గా 30 రోజులు, 12 నెలలు. మిగిలిన 5 రోజులూ ఏ నెలకూ చెందని పండుగరోజులు. అంతా బాగానే ఉంది కానీ, 365ను 7తో భాగిస్తే 1 మిగులుతుంది కదా! ఆ ఒక్క రోజునూ ఏం చేశారో చెప్పుకోండి చూద్దాం? నడివేసవిలో వచ్చే ఆ రోజుకు వారమే లేకుండా చేసేశారు! అది సోమవారమూ కాదు, మంగళవారమూ కాదు. లీపు సంవత్సరంలో వచ్చే అదనపు రోజుదీ అదే దారి. దాంతో మిగిలిన 364 రోజులూ చక్కగా 52 వారాల్లో ఇమిడిపోతాయి. ఈసారి పుట్టినరోజు శుక్రవారం వచ్చిందా? ఇక ఏటా శుక్రవారమే! మన గోడ క్యాలెండర్ మీద పాలు రాని రోజులకు చుట్టిన సున్నాలు, గ్యాస్ బండ వచ్చిన తేదీ ఉంటాయి చూడండి, వాళ్లయితే వాటిని చెరిపేసి అదే కాగితాన్ని మనవళ్ల దాకా వాడుకోవచ్చు.

అదే కథలో ఎల్ఫ్‌లకు చావు లేదు. అందుకే వాళ్ల పెద్ద ఏడాది మన 144 ఏళ్లతో సమానం. ఆ లెక్కన మనలో ఎవరికీ మొదటి పుట్టినరోజు కూడా రాదు!

టెర్రీ ప్రాచెట్ సృష్టించిన డిస్క్‌వరల్డ్‌ను తాబేలు మీద నిలబడ్డ నాలుగు ఏనుగులు మోస్తుంటాయి. అక్కడ వారానికి 8 రోజులు, పూర్తి ఏడాదికి 800 రోజులు. ప్రతి రుతువూ రెండేసి సార్లు వస్తుంది. మామిడిపళ్ల కాలం ఏడాదికి రెండుసార్లన్నమాట, ఎంత అదృష్టమో!

ఐజాక్ అసిమోవ్ 1941లో రాసిన 'నైట్‌ఫాల్' కథలో ఒక గ్రహానికి 6 సూర్యులు. ఒకరు కుంకితే ఇంకొకరు ఉంటారు కాబట్టి, అక్కడ చీకటి పడేది 2,049 ఏళ్లకు ఒక్కసారే!

వెర్నర్ వింజ్ నవలలో అంతరిక్ష వర్తకులకు రోజులూ నెలలూ లేవు, అన్నీ సెకన్లే. వెయ్యి సెకన్లంటే 16 నిమిషాల 40 సెకన్లు, పది లక్షల సెకన్లంటే పదకొండున్నర రోజులు. ఊరూరా సూర్యుడు మారిపోయేవాళ్లకు ఉదయం, సాయంత్రం అన్న మాటలతో పనేముంది?

అంగారకుడి మీద ఒక పగలూ రాత్రీ కలిస్తే 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ నవలల్లో అక్కడ స్థిరపడినవాళ్లు ఈ మిగులును అర్ధరాత్రికి దాచుకున్నారు. పన్నెండు కొట్టగానే గడియారాలన్నీ 39 నిమిషాలకు పైగా ఆగిపోతాయి! ఏ లెక్కలోనూ లేని ఆ సమయం మీ చేతికొస్తే ఏం చేస్తారు?

ఇది మాత్రం మన తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసిందే! థామస్ గాంగేల్ అనే అమెరికన్ 1985లో అంగారకుడికి 24 నెలల క్యాలెండర్ తయారుచేశాడు. అందులో సగం పేర్లు లాటిన్‌వి, సగం మన రాశులవి. సాజిటేరియస్ అయ్యాక ధనుస్సు, కాప్రికార్నస్ అయ్యాక మకరం, అలా వరసగా వృశ్చికం దాకా! అక్కడి ఏడాదికి 668.6 అంగారక రోజులు కావడంతో పదేళ్లలో 6 లీపు సంవత్సరాలే.

మన పురాణాల లెక్కలో బ్రహ్మకు ఒక్క పగలంటే మనకు 432 కోట్ల ఏళ్లు. కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని కకుద్మి రాజు బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ గానం సాగుతుంటే కాసేపు ఆగాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు, అంటే 11 కోట్ల 66 లక్షల 40 వేల ఏళ్లు గడిచిపోయాయి! ఈలోగా మనుషులంతా పొట్టివాళ్లయిపోయారు. తిరిగొచ్చిన రేవతి మరీ పొడుగ్గా కనిపిస్తే, బలరాముడు నాగలి కొనతో ఆమెను వంచి ఎత్తు తగ్గించి పెళ్లాడాడని విష్ణుపురాణం చెబుతోంది!