ట్రాక్ ఎక్కే పాత కారు: వేడి లెక్కలు

ఉప్పల్ పేరు చెబితే దేశంలో చాలామందికి క్రికెట్ స్టేడియం, నాచారం పేరు చెబితే పాత తరం తెలుగువారికి ఎన్.టి. రామారావు కట్టించిన రామకృష్ణా స్టూడియో గుర్తుకు వస్తాయి గాని, హైదరాబాదు తూర్పు శివారైన ఈ రెండు చోట్లా దశాబ్దాలుగా వేలమందికి అన్నం పెడుతున్నవి అక్కడి పారిశ్రామికవాడలు. లేత్, మిల్లింగ్, గ్రైండింగ్ యంత్రాలతో, ఆర్గాన్ వెల్డింగ్ సెట్లతో పనిచేసే చిన్న యూనిట్లున్న ఈ వాడల్లో, కొలత ఇస్తే వస్తువు చేసి ఇవ్వడం రోజువారీ వ్యవహారం. ఇరవయ్యేళ్లు నిండిన కారును రేస్ ట్రాక్‌కు సిద్ధం చేయదలచిన వారికి ఈ ఇరుగుపొరుగు ఎంతో విలువైనది, ఎందుకంటే అటువంటి కార్లకు కంపెనీ విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతుంది, దొరకనిదాన్ని చేయించుకోక తప్పదు.

ట్రాక్ డే అనేది పోటీ కాదు. రేస్ ట్రాక్‌ను ఒక రోజుకు అద్దెకు తీసుకుని, సొంత కార్లున్నవారిని కొద్దికొద్ది మందిగా, ఒక్కో విడతకు పదిహేను ఇరవై నిమిషాల చొప్పున వదిలే ఏర్పాటు అది. ఓవర్‌టేక్ చేయడం ముందు కారు వ్యక్తి చేయి చూపి దారిచ్చినప్పుడే, అదీ నేరుగా ఉన్న భాగంలోనే, సాగుతుంది. హైదరాబాదు నుంచి వెళ్లేవారికి అందుబాటులో ఉన్న అంతర్జాతీయ స్థాయి ట్రాక్ చెన్నై శివారు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో ప్రారంభించిన ఈ ట్రాక్ నిడివి సుమారు 3.7 కిలోమీటర్లు. ఉప్పల్ నుంచి ఎల్.బి. నగర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కి, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి దారి పట్టి, ఒంగోలు, నెల్లూరు దాటి వెళ్తే ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. చెన్నైలో అడుగుపెట్టే ముందు తగిలే షోలవరం దగ్గరే రెండో ప్రపంచ యుద్ధకాలపు పాత రన్‌వే ఉంది. ఇరుంగాట్టుకోట్టై రాకముందు దక్షిణాది కారు పందేలన్నీ దాదాపు దాని మీదే జరిగాయి.

ఆ షోలవరం తరంలో, చేతికందిన యంత్రాన్ని విప్పి కొత్తది కట్టే విద్యలో ఆరితేరినవాడు ఎస్. కరివర్ధన్. జి. కుప్పుస్వామి నాయుడు కోయంబత్తూరులో స్థాపించిన లక్ష్మీ మిల్స్ తెలుగు కుటుంబానికి చెందిన ఆయన, విదేశీ రేసు కార్లు కొనే స్తోమత లేని కుర్రకారు కోసం మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు రేసు కారును రూపొందించాడు. ఫార్ములా మారుతి అని పేరుపడిన ఆ కారుతోనే, తరవాత 2005లో ఫార్ములా వన్‌కు చేరిన నరైన్ కార్తికేయన్ తొలి పందెం నడిపాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించగా, కోయంబత్తూరు దగ్గర 2003లో మొదలైన కారి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. ఖరీదైన కారు లేకున్నా ఉన్నదాన్ని ట్రాక్‌కు అనువుగా మలచుకోవచ్చునన్న ఆలోచనకు మన దేశంలో ఇంతకు మించిన ఉదాహరణ కనిపించదు.

అసలైన స్పోర్ట్స్ కార్లు, దిగుమతి సుంకాల పుణ్యమా అని, మన మధ్యతరగతికి ఎన్నడూ అందలేదు. కాబట్టి ఇక్కడ పాత స్పోర్ట్స్ కారు అన్న మాటకు ఆచరణలో అర్థం, తేలికగా ఉండి హుషారైన ఇంజన్ కలిగిన పాత కుటుంబ కారు అని. 1.3 లీటర్ల మారుతి ఎస్టీమ్, 2001లో వచ్చిన ఫియట్ పాలియోలో వంద హార్స్‌పవర్ 1.6 రకం, 2000 నాటి 106 హార్స్‌పవర్ హోండా సిటీ వీటెక్ ఈ కోవలోవి. వీటెక్ అంటే ఇంజన్ వేగం పెరిగినప్పుడు గాలి లోపలికి తీసుకునే వాల్వులు ఎక్కువ ఎత్తుకు, ఎక్కువ సేపు తెరుచుకునేలా చేసే ఏర్పాటు. పాలియో 1.6లో సచిన్ తెండూల్కర్ సంతకంతో ఎస్10 అనే పరిమిత రకం కూడా వచ్చింది. 2009 నవంబరులో ఆయన ఆస్ట్రేలియా మీద 175 పరుగులు కొట్టింది ఉప్పల్‌లోనే కాబట్టి, ఈ ప్రాంతం వారికి ఆ కారు మీద కాస్త ఎక్కువ మమకారం ఉంటే తప్పు పట్టలేము.

ఇటువంటి కారు కొన్నవారు సాధారణంగా మొదట ఖర్చు పెట్టేది చప్పుడు చేసే సైలెన్సర్ మీద, గాలి ఎక్కువగా పీల్చే ఫిల్టర్ మీద. ఆ డబ్బు దాదాపుగా దండగ. రోడ్డు మీద గంటల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని కారు ట్రాక్ మీద నాలుగో ల్యాపుకే మొరాయించడానికి కారణం శక్తి చాలకపోవడం కాదు, పుట్టిన వేడి బయటికి పోయే దారి లేకపోవడం. కావున ట్రాక్ కోసం చేసే మార్పులన్నిటినీ, ఆ మార్పు వల్ల ఎక్కడి వేడి ఎక్కడికి పోతుందన్న ఒక్క ప్రశ్నతో తూచవచ్చు.

అన్నిటికంటే ముందు బ్రేకులు. మనిషితో కలిపి వెయ్యి కిలోలున్న కారు గంటకు 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గినప్పుడు సుమారు 7.3 లక్షల జౌళ్ల గతిశక్తి వేడిగా మారుతుంది. ఇంట్లో వాడే నీళ్లలో రెండున్నర లీటర్లను మరిగే దాకా కాచడానికి చాలినంత వేడి ఇది, పుట్టేది నాలుగైదు సెకన్లలో. బ్రేక్ నొక్కగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఇందులో మూడింట రెండు వంతులకు పైగా ముందు చక్రాల రెండు డిస్కులే భరించాలి. ఇరుంగాట్టుకోట్టైలో సగటున గంటకు 95 కిలోమీటర్ల వేగంతో తిరిగే కారు పదిహేను నిమిషాల్లో ఆరు ల్యాపులు దాటుతుంది, ప్రతి ల్యాపులోనూ గట్టిగా బ్రేక్ వేయవలసిన మలుపులు ఒకటికి మించి ఉంటాయి, ఒక మలుపు వేడి చల్లారకముందే మరొకటి వచ్చిపడుతుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో పరుగెత్తిన విద్యుత్ కార్లకు ఈ బెడద చాలావరకు లేదు. వాటి వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే రూపకల్పన జరిగింది, ఆపేటప్పుడు వచ్చే శక్తిలో పెద్ద భాగం మోటార్ల ద్వారా బ్యాటరీకి తిరిగి చేరుతుంది. పెట్రోలు కారులో మాత్రం ఆ శక్తి అంతా ఇనుమును కాల్చి గాలిలో కలవాల్సిందే.

ఈ వేడికి ముందుగా లొంగేవి రెండు. ఒకటి బ్రేక్ ప్యాడ్. రోడ్డు కోసం చేసిన ప్యాడ్‌లోని జిగురు పదార్థం ఒక హద్దు దాటి వేడెక్కితే పట్టు సడలుతుంది, పెడల్ గట్టిగానే తగులుతున్నా కారు ఆగదు. దీనినే ఫేడ్ అంటారు. రెండోది బ్రేక్ ఆయిల్. పేరుకు ఆయిలే గాని, డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ సంబంధమైన ద్రవాలు. గాలిలోని తేమను పీల్చుకోవడం వాటి స్వభావం. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరిన తరవాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన చోట ఆవిరి బుడగ పుడుతుంది, ద్రవాన్ని నొక్కితే నలగదు గాని ఆవిరి నలుగుతుంది, అందుచేత పెడల్ ఒక్కసారిగా నేల దాకా దిగబడిపోతుంది. హైదరాబాదు వానాకాలాలు రెండు మూడు చూసిన బ్రేక్ ఆయిల్‌తో ట్రాక్ ఎక్కడం ప్రాణాలతో చెలగాటమే. డబ్బా అప్పుడే తెరిచిన డాట్ 4 గాని, 260 డిగ్రీల హద్దున్న డాట్ 5.1 గాని పోసి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించడం పాత కారుకు చేయగల అతి చవకైన, అతి ముఖ్యమైన మార్పు. పేరులో పోలిక ఉన్న డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపరాదు.

సెషన్ చివరి ల్యాపును బ్రేకులు దాదాపు వాడకుండా మెల్లగా తిప్పి డిస్కులను చల్లబరచడం, కారు ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెట్టడం ట్రాక్ మీద తొలిరోజే నేర్పే అలవాట్లు. ఎర్రగా కాగిన లోహాన్ని ప్యాడ్ గాని, లైనర్ గాని గట్టిగా కరిచి పట్టుకుని చల్లారితే అక్కడ అచ్చు పడి, తరవాత ప్రతి బ్రేకుకూ స్టీరింగ్ వణుకుతుంది.

వేడి తరవాతి మజిలీ ఇంజన్ ఆయిల్. మెకానిక్‌లు చాంబర్ అని పిలిచే ఇంజను అడుగు తొట్టెలో మూడు నాలుగు లీటర్ల ఆయిల్ నిలిచి ఉంటుంది, స్ట్రైనర్ అనే జల్లెడ మూతి ద్వారా పంపు దాన్ని పైకి లాగుతుంది. మంచి టైర్లున్న కారు మలుపులో భూమ్యాకర్షణలో పది వంతులకు తొమ్మిది వంతుల పక్కబలాన్ని చవిచూస్తుంది, అప్పుడు చాంబర్‌లోని ఆయిల్ ఉపరితలం సుమారు 42 డిగ్రీలు ఒకవైపుకు ఎగదన్నుతుంది. మలుపు పొడుగ్గా ఉంటే స్ట్రైనర్ మూతి ఖాళీ పడి పంపు గాలి లాగుతుంది. క్రాంక్‌షాఫ్ట్‌కూ బేరింగ్ షెల్స్‌కూ మధ్య వెంట్రుక మందమైనా లేని ఆయిల్ పొర తెగిపోవడానికి ఆ రెండు సెకన్లు చాలు. బేరింగ్ కొట్టేసిందని ఇంజను దించిన చాలా కార్లలో అసలు దోషం ఆయిల్ నాణ్యతది కాక ఆయిల్ ఒరిగిన తీరుది.

దీనికి విరుగుడు పూర్తిగా నాచారం తరహా పని. చాంబర్ విప్పి, స్ట్రైనర్ చుట్టూ పలచని రేకుతో గది కట్టి, ఆయిల్ లోపలికి వచ్చేలా, బయటికి పోబోతే మూసుకునేలా ఆ గది గోడలకు చిన్న రేకు తలుపులు అమర్చాలి; బ్యాఫుల్ అంటే ఇదే. ఇనుప చాంబరైతే మామూలు వెల్డింగ్ సరిపోతుంది, అల్యూమినియందైతే ఆర్గాన్ పెట్టాలి. వెల్డింగ్ తరవాత రాలిన రవ్వలను ఒక్కటి కూడా మిగలకుండా గోకి, కడిగి, చాంబర్‌లో కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచి అడుగున చెమ్మ కనిపిస్తుందేమో చూడాలి. పని చిన్నది, ఓపిక పెద్దది. ఒక్క రవ్వ మిగిలినా అది నేరుగా పంపులోకి పోతుంది.

రేడియేటర్ విషయంలో మన ఊళ్లలో ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. ఇంజను వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేయడం ఎందరో మిస్త్రీలకు మొదటి వైద్యం. ఇంజను తగిన ఉష్ణోగ్రతకు చేరేదాకా నీటిని రేడియేటర్‌కు పోనీయకుండా ఆపే ఈ వాల్వ్‌ను తీసేస్తే, ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజను ఎప్పటికీ సరిగా కాగదు, కారు కంప్యూటర్ ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది, ఆ పెట్రోలు కొంత ఆయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది. అసలు తప్పు చాలాసార్లు మరెక్కడో ఉంటుంది: బోరు నీళ్లు పోసి పోసి సున్నం పట్టిన రేడియేటర్ గొట్టాల్లోనో, గట్టిపడిన రేడియేటర్ మూత రబ్బరులోనో. వ్యవస్థలో 0.9 బార్ ఒత్తిడి నిలబెట్టే మూత బాగుంటే మామూలు నీరైనా 118 డిగ్రీల దగ్గర గాని మరగదు, రబ్బరు పోతే వంద దగ్గరే పొంగుతుంది. భూమి లోపలి నుంచి పైకి వచ్చే వేడిని కొలిచే శాస్త్రవేత్తలున్న ఎన్.జి.ఆర్.ఐ. ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. ఆ రోడ్డున పోయే పాత కార్లలో వేడి చూపే ముల్లు తప్ప మరో కొలత ఉండదు, అది కూడా చివరి నిమిషం దాకా కదలదు. కాబట్టి ఆయిల్ ఉష్ణోగ్రతకూ, ఆయిల్ ఒత్తిడికీ విడిగా మీటర్లు పెట్టుకోవడం అలంకారం కాదు.

రబ్బరుకు వేడితో పాటు వయసు కూడా శత్రువే. కిలోమీటర్లు తక్కువ తిరిగిందని మురిసిపోయే కారులోనూ టైమింగ్ బెల్టు, హోస్ పైపులు, సస్పెన్షన్ బుష్‌లు ఇరవయ్యేళ్లవే అయి ఉంటాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రాక్ మీద టైరులో గాలి వేడెక్కి ఒత్తిడి నాలుగైదు పి.ఎస్.ఐ. పెరగడం సహజం, అందుకే చల్లగా ఉన్నప్పుడు కొంత తగ్గించి మొదలుపెట్టి, ట్రాక్ దిగగానే కొలిచి సరిచూస్తారు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, అదే ఏడు సవరించిన చట్టం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించే వీలు కల్పించింది. మంచి బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, కొత్త బుష్‌లు నిర్వహణ కిందికి వస్తాయి. వెనక సీట్లు పీకి ఇనుప పంజరం బిగించిన కారు ట్రాలీ మీద వెళ్లవలసిందే. మామూలు వాహన బీమా రేసింగుకూ వేగ పరీక్షలకూ వర్తించదు, ట్రాక్ మీద గోడకు కొట్టుకున్న కారు ఖర్చు పూర్తిగా యజమానిదే.

నడుపుకుంటూ వెళ్లినవారు అదే కారులో, అరిగిన అవే బ్రేకులతో ఆరువందల కిలోమీటర్లు తిరిగి రావాలి. అందువల్ల విడి ప్యాడ్ల జత, ఒక సీలు తీయని బ్రేక్ ఆయిల్ డబ్బా, చక్రం నట్లు సరైన బిగువుకు బిగించే టార్క్ రెంచ్ డిక్కీలో ఉండాలి. ఊరు చేరాక డిస్కులను లేత్ మీద తీయించడం రివాజు. అయితే డిస్కు అంచున గాని, మధ్య గిన్నె మీద గాని కనీస మందం మిల్లీమీటర్లలో పోతపోసి ఉంటుంది. లేత్ మీద ఎక్కించే ముందు కాలిపర్‌తో కొలవాలి, తీశాక మిగిలే మందం ఆ అంకె కంటే తగ్గేటట్లుంటే పనివాడు ఎంత నేర్పరి అయినా ఆ డిస్కు తుక్కు కిందికే పోవాలి.