కొత్త ఇంటికి మన నేల ముద్ర

గుంటూరులో మా కొత్త ఇల్లు గృహప్రవేశం నాటికి అచ్చం పక్కింటిలాగే ఉంది. దానికో రూపం తేవాలని చుట్టుపక్కల ఊళ్లవైపు చూశాను. వంటగట్టుకు చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ వేయించాను. నల్లరాతిలో ఆ బంగారు మెరుపులు బ్రాంజైట్ ఖనిజానివి. హాల్లో పల్నాటి దుర్గి శిల్పులు సున్నపురాతిలో చెక్కిన నంది పెట్టాను. అమరావతి స్తూపం శిల్పాలూ పల్నాటి సున్నపురాతివే! నాయనమ్మ ఇంటి టేకు ద్వారబంధం పూజగదికి అమర్చాం. మీరూ అలా చేయదలిస్తే గోడ కట్టకముందే కొలతలు మేస్త్రీకివ్వండి. కిటికీలకు మంగళగిరి నూలు తెరలు, ఆ నేత ప్రత్యేకత అయిన నిజాం అంచు కనబడేలా కుట్టించాం. మన ఎండకు రంగు వెలుస్తుంది. అందుకే పడమటి కిటికీ తెరకు లైనింగ్ తప్పనిసరి. అన్నీ ఒకేసారి కొనకండి, గదికొకటి చాలు.