అన్యవృత్తులను విడిచి నర్సువృత్తిని చేపట్టగోరువారికి శిక్షణమార్గ నిర్ణయము

1. నర్సుశిక్షణకు దరఖాస్తు పెట్టగోరువారు శిక్షణాలయము గడప త్రొక్కుటకు ముందే స్థానికాధికారి కచేరికి రావలసినవారగుదురు. నివాస, కుల, ఆదాయ ధ్రువపత్రములు అచ్చటనే లభించును. ఇట్లు వచ్చువారిలో చదువు ముగించిన పదునేడేండ్ల బాలికలే కాక, దుకాణములలోను, బడులలోను, గుత్తపనులలోను పెక్కేండ్లు గడపి, ముప్పది దాటిన పిమ్మట నర్సువృత్తి నాశ్రయింపగోరు స్త్రీ పురుషులును కలరు. బాలిక పొరబడినయెడల మరల ఆరంభించుటకు వ్యవధి యుండును. కూడబెట్టిన సొమ్మును, మిగిలిన వయోవ్యవధిని ఒక్కమారే ఒడ్డు వయోజనులకు అట్టి వ్యవధి యుండదు. కావున వారికి తగిన సలహా నిచ్చుటకై మునిసిపల్, తాలూకా ఉద్యోగుల ఉపయోగార్థము ఈ క్రింది విషయములు వివరింపబడుచున్నవి.

2. జంషెడ్పూరు నగరమందలి బారిడీహ్ పేట నిందుకు నిదర్శనముగ గైకొనవచ్చును. 1908లో చిన్న వైద్యశాలగా మొదలిడిన టాటా ప్రధాన ఆసుపత్రి ఆ నగరమున కలదు. బారిడీహ్‌నందే మెర్సీ ఆసుపత్రియు, 2020లో స్థాపింపబడిన మణిపాల్ టాటా వైద్య కళాశాలయు ఉన్నవి. ఉక్కు కర్మాగారపు కొలువులను బట్టి వచ్చి తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు ఆ నగరమున పెక్కు. ఇంట తెలుగు, వీథిని హిందీ, ఇరుగుపొరుగున బంగాళీ, ఒడియా, సంతాలీ వినుచు పెరిగినవారికి రోగుల వార్డునందు అదియొక గొప్ప యోగ్యతయే. అయినను ఆసుపత్రి ఇంటిచెంత నుండుటయు, భాషలు వచ్చుటయు, రోగులకు పరిచర్య చేసిన అనుభవమును నర్సుపదవిని కలిగింపజాలవు. ఆ పదవిని కలిగించునది రిజిష్టరు ఒక్కటియే.

3. ఈ నియమము క్రొత్తది కాదు. పూర్వపు మద్రాసు రాజధానిలో నర్సులు, మంత్రసానుల చట్టము 1926లో అమలునకు వచ్చెను. దేశమంతటికిని ఒక్క ప్రమాణ మేర్పరచుటకై భారత నర్సింగు పరిషత్తు చట్టము 1947లో చేయబడెను. ఆ చట్టమునకు బదులుగా జాతీయ నర్సింగు, మంత్రసాని కమిషను నేర్పరచుటకై పార్లమెంటు 2023లో వేరొక చట్టము చేసినది. సంస్థలు మారినను మూలసూత్రము మారలేదు. గుర్తింపు పొందిన శిక్షణాలయమున చదివి, పరీక్షయం దుత్తీర్ణులై, రాష్ట్ర పరిషత్తు రిజిష్టరులో పేరు వ్రాయించుకొన్నవారే నర్సులు.

4. కావున శిక్షణ గోరువారిని మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: "చదువు ముగిసిన పిమ్మట మీ పేరు ఏ రిజిష్టరులో చేరును?" దీనికి స్పష్టమైన సమాధానము లేని పాఠక్రమము ఎంత చవుకయైనను, ఎంత త్వరగా ముగియునదైనను నర్సువిద్య కానేరదు. ఆరు నెలలలో రోగి సహాయకులుగా తర్ఫీదు చేయు పాఠక్రమములు కలవు. రోగిని కదల్చుట, స్నానము చేయించుట, పడక సర్దుట మొదలగు పనులకు అవి యుపయోగించును. ఆ జీవనము గౌరవప్రదమైనదే. అయితే దానిని నర్సుశిక్షణ యని నమ్మి సొమ్ము చెల్లించినవారు మోసపోవుదురు. అట్టివారు సూదిమందు వేయ బూనినచో రోగి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. ఇది ప్రజారోగ్య విషయము. దరఖాస్తుదారు సొంత నష్టముతో ముగియునది కాదు.

5. పరిషత్తు గుర్తించిన ప్రవేశమార్గములు ముఖ్యముగా మూడు.

మొదటిది సహాయక నర్సు-మంత్రసాని శిక్షణ, దీనినే ఏ.ఎన్.ఎం. అందురు. కాలము రెండేండ్లు. స్త్రీలకు మాత్రమే ప్రవేశము. పండ్రెండవ తరగతి ఏ శాఖయం దుత్తీర్ణులైనను చాలును. వీరి పని విశేషముగ ఆరోగ్య ఉపకేంద్రములందుండును. మైదాన ప్రాంతములం దైదువేలమందికిని, కొండ, గిరిజన ప్రాంతములందు మూడువేలమందికిని ఒక్కొక్క ఉపకేంద్ర ముండవలెనని ప్రమాణము.

రెండవది సాధారణ నర్సింగు, మంత్రసాని శిక్షణ, అనగా జి.ఎన్.ఎం. కాలము మూడేండ్లు. పండ్రెండవ తరగతిలో నూటికి నలుబది మార్కులును, ఇంగ్లీషునందు ఉత్తీర్ణతయు ఉండవలెను. విజ్ఞానశాఖవారికి మొగ్గు చూపబడును గాని ఇతర శాఖలవారికి తలుపు మూయబడలేదు. పురుషులకును అర్హత కలదు. అయితే స్త్రీలనే చేర్చుకొను శిక్షణాలయములును కొన్ని యున్నవి.

మూడవది బి.ఎస్సి. నర్సింగు. కాలము నాలుగేండ్లు. భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి, వానిలో మొత్తముమీద నూటికి నలుబదియైదు మార్కులు తెచ్చుకొని, ఇంగ్లీషునందును ఉత్తీర్ణులైనవారికే ప్రవేశము. షెడ్యూల్డు కులముల, తెగలవారికి మార్కులలో సడలింపు కలదు.

6. వయోజనుల విషయమున మార్కులకంటె ముందు చూడవలసినది వయస్సు. ఏ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం. శిక్షణలకు పరిషత్తు విధించిన గరిష్ఠ వయస్సు ముప్పదియైదేండ్లు. అయితే రిజిష్టరైన ఏ.ఎన్.ఎం. జి.ఎన్.ఎం. శిక్షణకు వచ్చునపుడు ఈ వయోనిబంధన వర్తింపదు. ఈ మినహాయింపు నెరుగనివారు పెక్కుమంది. ముప్పదినాలుగేండ్ల స్త్రీ ఒకతె ఏ.ఎన్.ఎం. యందు చేరినయెడల, రెండేండ్ల తరువాత జీతము తెచ్చుకొనుచు, తనకు వీలైనపుడు జి.ఎన్.ఎం.కు పోవచ్చును. ఆమెయే "వచ్చు సంవత్సరము చూతము, ఆపై సంవత్సరము చూతము" అని ఆలసించెనా, రెండు తలుపులును ఒక్కమారే మూసికొనును. బి.ఎస్సి. ప్రవేశమునకు ఆయా రాష్ట్రముల ఆ యేటి ప్రకటనలోని వయోనియమమును చూచుకొనవలెను.

7. కాలమును కూడికొని చూచుటయు అవసరము. నేరుగా బి.ఎస్సి. చదివినవారికి నాలుగేండ్లలో పట్టము లభించును. జి.ఎన్.ఎం. ముగించి, పిమ్మట రెండేండ్ల పోస్టు బేసిక్ బి.ఎస్సి. చదువువారికి అయిదేండ్లు పట్టును. కాని వీరు మూడేండ్లకే జీతము తెచ్చుకొనగలరు. ఏ.ఎన్.ఎం. నుండి మెట్టుమెట్టుగ ఎక్కువారికి చదువే ఏడేండ్లగును. బిడ్డలు గలవారికిని, ఇంటికి తామే ఆధారమైనవారికిని దూరపు పట్టముకంటె దగ్గరి జీతము మేలగుట తరచుగా కలదు. శాస్త్రములు చదివి, నాలుగేండ్లు ఇల్లు గడుపుకొను దారి కలవారికి బి.ఎస్సి. తగును, ఉపాధ్యాయపదవులకును, ఎం.ఎస్సి.కిని అది సూటియైన బాట.

8. వేరొక పట్టము గలవారు తమ పూర్వవిద్యవలన శిక్షణకాలము తగ్గునని తలంచుచుందురు. అమెరికా మొదలగు దేశములందు అన్యశాస్త్ర పట్టభద్రులకై ఏడాది, ఏడాదిన్నరలో ముగియు నర్సింగు పాఠక్రమములున్న మాట నిజమే. మన దేశమున అట్టి కుదింపు లేదు. బి.కాం. చదివినవారును, పండ్రెండవ తరగతి మాత్రమే చదివినవారును ఒక్క బల్లమీదనే ఆరంభింపవలెను. తపాలామూలమున గాని, ఆదివారపు తరగతులందు గాని ప్రాథమిక నర్సుశిక్షణ నొసంగుట లేదు. అది వార్డులో రాత్రింబవళ్లు నిలిచి నేర్చుకొనవలసిన విద్య.

9. పాఠశాలవిద్య మధ్యలో ఆగినవారిని నిరాశపరుపరాదు. ఈ కొరతను తీర్చు మార్గమును మన తెలుగుసీమకు చెందిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ చూపినది. మద్రాసున 1937లో ఆంధ్ర మహిళాసభను నెలకొల్పి, చదువు మానిన స్త్రీలను మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపరచి, ఆమె ఈ పనికి పునాది వేసెను. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలైనపుడు, వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమములు 1958లో ఆరంభమయ్యెను. స్వల్పకాలములో పరీక్ష నిప్పించి ఉపాధ్యాయినులుగను, నర్సులుగను, మంత్రసానులుగను శిక్షణకు పంపుట వాని యుద్దేశము. నేడు సార్వత్రిక పాఠశాలల మూలమున పండ్రెండవ తరగతి ముగించువారికి ఆ దారి తెరచియే యున్నది.

10. రాష్ట్రము మారుటవలన కలుగు చిక్కులను ముందే తెలుపవలెను. జంషెడ్పూరున పుట్టి పెరిగినవారికి ఝార్ఖండు స్థానికత వర్తించునా, బంధువులున్న విశాఖపట్టణమునకో, శ్రీకాకుళమునకో పోయి చదివిన ఏ కోటా క్రింద సీటు వచ్చును అనునవి దరఖాస్తునకు ముందే తేల్చుకొనవలసినవి. ఒక రాష్ట్రమున రిజిష్టరైనవారు మరియొక రాష్ట్రమున పనిచేయ దలచినచో, తమ రిజిష్ట్రేషనును అచ్చటి పరిషత్తునకు మార్పించుకొనవలెను.

11. కాబట్టి ధ్రువపత్రమునకై వచ్చిన వయోజనులకు ఉద్యోగులు ఈ క్రింది సలహాల నీయవలెను.

అ. శిక్షణాలయమునకు ఆ సంవత్సరము రాష్ట్ర పరిషత్తు, కేంద్ర సంస్థ గుర్తింపు కలదా యని ప్రకటితమైన జాబితాలో స్వయముగా చూచుకొనుట, బి.ఎస్సి. యైనచో విశ్వవిద్యాలయపు అనుబంధమును కూడ చూచుకొనుట.

ఆ. మొదటి యేటి రుసుము మాత్రమే కాక, వసతి, దుస్తులు, పుస్తకములు, పరీక్షలతో గూడిన పూర్తి ఖర్చును వ్రాతమూలకముగ తీసికొనుట.

ఇ. అసలు ధ్రువపత్రములను రసీదు లేనిదే ఎవరి చేతను పెట్టకుండుట.

ఈ. వార్డులందు ఆ శిక్షణార్థులు ఏ ఆసుపత్రిలో, ఎన్ని పడకల నడుమ పని నేర్చుకొనుచున్నారో పోయి చూచుట.

ఉ. చేరుటకు ముందు రాత్రి పనికిని, నిలుచుండి చేయు శ్రమకును తమ ఆరోగ్యము తాళునో లేదో వైద్యునిచే పరీక్షింపించుకొనుట.

12. ధ్రువపత్రముల మంజూరులో జాప్యము కూడదని వేరుగ చెప్పనక్కరలేదు. ముప్పదియైదవ యేట నిలిచినవారికి ఒక పక్షము ఆలస్యమైనచో ఆ యేటి ప్రవేశము తప్పును. ఆ యేడు తప్పినచో వయస్సు మీరును. భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికయందు దేశమున నలుబదిమూడువేలమందికి ఒక్క నర్సు మాత్రమే కలదని తేల్చెను. అప్పటినుండి సంఖ్య పెరిగినను, రోగి మంచముచెంత నిలుచు శిక్షితహస్తమున కవసరము తగ్గలేదు. అట్టి హస్తము ఒక సంతకము ఆలస్యమగుటచేత చేజారకుండ చూచుట కచేరి చేతిలోని పని.