రెప్పలో వడగల్లు

అద్దం ముందు నిలబడి మీ కింది రెప్పను వేలితో కాస్త కిందికి లాగి చూడండి. వెంట్రుకల వరుసకు లోపలి అంచున సూదిమొనంత చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథుల మూతులు. జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ 1666లో వీటిని వివరించాడు. అందుకే మైబోమియన్ గ్రంథులని పేరు. వీటి నూనె కన్నీటి పొరపై పరుచుకుని, అది త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది.

ఆ మూతి పూడుకుపోతే నూనె లోపలే నిలిచి, బఠాణీ గింజంత గట్టి కాయ ఏర్పడుతుంది. నొప్పి సాధారణంగా ఉండదు. డాక్టర్లు దీన్ని కలేజియాన్ అంటారు. గ్రీకులో 'చిన్న వడగల్లు' అని అర్థం. ఇలాంటి లక్షణాలున్న గడ్డనే సుశ్రుత సంహిత 'లగణం' అని, రేగుపండంత ఉంటుందని చెప్పింది. ఇది క్యాన్సర్ కాదు, అంటువ్యాధీ కాదు. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెడితే చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకుంటే డాక్టరు రెప్ప లోపలివైపు చిన్న గాటు పెట్టి తీసేస్తారు. చిదమడం, ఆకు పసర్లు పోయడం మాత్రం వద్దు.

కాయ పెద్దదైతే ఆ బరువుకు రెప్ప వాలుతుంది. ఏ కాయా లేకుండానే రెప్ప వాలిన పిల్లలూ ఉన్నారు. పై రెప్పను ఎత్తే కండరం వారికి పుట్టుకతోనే బలహీనం. కనుక గడ్డం పైకెత్తి చూస్తారు. దాన్ని పొగరనుకుని కసిరిన మాస్టార్లలో నేనూ ఒకణ్ణి.

ఇక్కడ అందం సంగతి చిన్నది, చూపు సంగతి పెద్దది. 1960 దశకంలో హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లికూనల ఒక కంటి రెప్పలను పుట్టిన రెండు మూడు నెలల వరకు కుట్టి ఉంచారు. విప్పాక చూస్తే కన్ను బాగానే ఉంది. మెదడులోని చూపు కణాలు మాత్రం ఆ కంటికి దాదాపు స్పందించలేదు! పెద్ద పిల్లులకు అలాంటి నష్టమేమీ జరగలేదు. వీరికి 1981లో నోబెల్ బహుమతి లభించింది.

మనిషి మెదడు కూడా పసితనంలోనే చూడటం నేర్చుకుంటుంది. రెప్ప కంటిపాపను కప్పేస్తే ఆ కంటికి ఆ చదువు అందదు. పెద్దయ్యాక రెప్పను ఎత్తి కుట్టినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. "పెళ్లినాటికి చూద్దాంలే" అనే పెద్దలకు ఈ పిల్లికూనల కథ చెప్పండి.

మీ ఇంట్లో పసివాడి రెప్ప వాలినట్లుంటే వెలుతురులో కూర్చోబెట్టి, కంటిపాప పూర్తిగా కనిపిస్తోందో లేదో చూడండి. సగం మూసుకుపోతే ఆలస్యం చేయక కంటి డాక్టరుకు చూపించమనండి. నిన్నటిదాకా బాగున్నవారికి హఠాత్తుగా రెప్ప వాలితే మాత్రం, అది పిల్లలకైనా తాతయ్యకైనా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.